బంగారి పాలు

మారికుప్పం,
27 జనవరి 2025

చెల్లెలు తాయమ్మకు అన్న ఆవులప్ప దీవెనలు.

నాయన ఊరికి జాబు రాసినప్పుడల్లా పైన ‘ఉభయకుశలోపరి’ అని పెట్టేవాడు, గుర్తుందా? అది మన తాతల ఊరి పేరేమో అనుకొని, ఆ ఊరికి బస్సు ఉందా అని ఒకసారి అడిగి మొట్టికాయ తిన్నాను. నేనూ ఆ మాటతోనే మొదలుపెడదామనుకున్నాను గానీ చెయ్యి రాలేదు. రెండు వైపులా కుశలం ఉంటే కదా రాసేది.

ఈ కాలంలో కూడా జాబులేమిటని పోస్టాఫీసు పిల్ల నన్ను చూసి నవ్వుతుంది. ఏం చేసేది? పద్దెనిమిదేళ్లు గనిలో డ్రిల్లు మిషను పట్టుకుంటే అది నా చెవులు రెండూ తినేసింది. ఫోనులో నువ్వు ‘అన్నా’ అంటే నాకు బస్సు బ్రేకు వేసినట్లు వినిపిస్తుంది. అందుకే మనకు ఈ కాగితాలే గతి. గని కంపెనీ కట్టిన ఈ లైనింట్లోనే, నాయన ట్రంకుపెట్టె మీద సుద్దముక్కతో నీకు అక్షరాలు దిద్దించినాను చూడు, అదొక్కటే నేను జన్మలో చేసిన లాభసాటి పని.

లైన్లలో సగం ఇళ్లకు తాళాలు పడినాయి. గాలి లేస్తే చాలు, గని మట్టి గుట్టల మీది బూడిదంతా మా చెంబుల్లోకి వస్తుంది. కోడలు మాల పొద్దున నాలుగున్నరకు లేచి ఐదు గంటల బండికి బెంగుళూరు పోతుంది. ఎవరిదో పెద్ద ఆఫీసు, అందులో నేల తుడిచే పని. మన శంకర్ పోయి నాలుగేళ్లు అవుతున్నా ఆ పిల్ల పుట్టింటికి పోకుండా మామను పట్టుకొని ఉంది. ఆమె చెమటే మా ఇద్దరి కూడు. సాయంత్రం వచ్చి సంగటి కెలికి పెడుతుంది. నాకేమో పళ్లు ఊడినాయి. ముద్ద గొంతులో నిలబడి లోపలికి పోనా వద్దా అని నన్నే అడుగుతుంది.

ఒక సంగతి అడగాల. ఇన్నేళ్లలో నిన్ను ఏదీ అడగలేదు. సిగ్గు విడిచి అడుగుతున్నాను. నాకు పాలు కావాల తాయీ. మీ ఆవు బంగారి వాళ్ల అమ్మమ్మను పాలుకని తోలుకొచ్చి మీ వాకిట్లో కట్టింది నేనే కదా, ఆ ధైర్యంతోనే నోరు తెరిచినాను. మీ ఊరి మునేష్ టమాటాల బండితో రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టుకు వస్తా ఉంటాడు కదా. వాని చేతికి ఇచ్చి పంపు, నేను గేటు దగ్గర నిలబడి తీసుకుంటాను. ఎండలు ముదిరితే కష్టం. ముదరక ముందే అయితే మేలు.

మాలకు ఈ సంగతి తెలియకూడదు. నీ కొడుకు ఉమేశ్‌తో ఆమెకు ఫోను చేయించొద్దు. ఎందుకని నువ్వూ అడగొద్దు.

మీ ఆయన పిల్లప్పను అడిగినానని చెప్పు. మునేష్ చేతిలో మొన్న మార్గశిరంలో నువ్వు పంపిన జున్ను రుచి ఇంకా నాలుక మీదనే ఉంది.

నీ అన్న,
ఆవులప్ప


నల్లగుట్టపల్లి,
ముళబాగిలు తాలూకా,
8 ఫిబ్రవరి 2025

అన్నకు తాయమ్మ దండాలు.

నీ జాబు వచ్చింది. చదివి కొంగులో ముడి వేసుకున్నాను. ఆయనకు రెండు రోజులు చూపించలేదు. చూపించినాక ఆయన బీడీ తీసుకొని బయటికి పోయినాడు.

ఇక్కడి సంగతి రాస్తాను, అప్పుడు నీకే తెలుస్తుంది. మా బోరు పోయిన నెల నీళ్లు మాని గాలి ఊదడం మొదలుపెట్టింది. ఇంకా దింపితే నీళ్లు పడతాయని ఒకాయన, పడవని ఒకాయన, ఇద్దరికీ టీలు పోసిందే మాకు దక్కింది. మల్బరీ తోట ఎండిపోయింది. ఆకు లేక పట్టుపురుగులు గూడు కట్టకముందే తట్టలతో ఎత్తి దిబ్బలో పోసినాము. నోరున్న పురుగు ఆకలితో తల ఎత్తి ఎత్తి చూస్తుందన్నా. చూడలేక నేను మొహం తిప్పుకొని పోసినాను.

ఉమేశ్‌ను వేమగల్ కంపెనీలో డిసెంబరు ఆఖరున మాన్పించేసినారు. కాంట్రాక్టు పని కదా, గేటు దగ్గరే కార్డు తీసుకొని ‘పిలుస్తాము, పో’ అన్నారంట. వాడు ఇప్పటికీ రోజూ పొద్దున గడ్డం గీసుకొని ఫోను పక్కన పెట్టుకొని కూర్చుంటాడు.

ఇంట్లో ఇప్పుడు సంపాదించేది బంగారి ఒక్కటే. పొద్దున ఆరుకు, సాయంత్రం ఐదుకు దాన్ని పితికి, క్యాను ఎత్తుకొని డైరీకి పోయి హాలు పోసి వస్తాను. ఇక్కడ అందరూ హాలు అనే అంటారు, సెక్రెటరీ ఆదినారాయణప్ప పలక మీద రాసేదీ అదే. డైరీ కన్నడం నా నోటికి పట్టి, ఇంట్లో కూడా ఇంగ అదే మాట అయిపోయింది. ‘మామకు జాబు కూడా కన్నడంలో రాస్తావేమో’ అని ఉమేశ్ ఎగతాళి చేస్తాడు. వాడు నవ్వింది ఆ ఒక్కసారే, అందుకని రాస్తున్నాను.

నువ్వు అడిగింది. అన్నా, అడిగే హక్కు నీకు ఉంది. ఆ రోజు పెయ్యను గుంజకు కట్టి ‘ఇది పాలుకు’ అన్నావు. ఆ మాట నేను మరవలేదు. సగం నీదే, ఏనాడూ కాదనలేదు. కానీ ఇప్పటికిప్పుడు అంటే నేను ఎట్ల చేసేది? కొంచెం గడువు ఇవ్వు. ఉమేశ్‌కు ఏదో ఒక పని దొరకనీ.

కోడలిని బాగా చూసుకో.

తాయమ్మ


మారికుప్పం,
15 ఫిబ్రవరి 2025

చిట్టి చెల్లెలికి అన్న దీవెనలు.

నీ జాబు మూడుసార్లు చదివినాను. పురుగుల సంగతి చదివి మనసు పాడైంది. ఉమేశ్‌కు ధైర్యం చెప్పు. గని మూసిన రోజు నేనూ ఆ పని చేసినాను. హెల్మెట్టు తుడిచి, బూట్లకు నూనె రాసి, షాఫ్టు గేటు దగ్గర నెల రోజులు కూర్చున్నాను, మళ్లీ సైరను కొడతారేమోనని. మీ వదినే వచ్చి చెయ్యి పట్టుకొని లేపుకొని పోయింది.

‘సగం నీదే’ అని రాసినావు చూడు, ఒక్కణ్ణే కూర్చొని నవ్వుకున్నాను. నీ మనసు పెద్దదని తెలుసు గానీ ఇంత పెద్దదా? సగం పెట్టుకొని ఒంటిగాణ్ణి నేనేం చేసుకుంటాను? పావు చాలు. అదీ మీ ఇంటికి ఉంచుకోగా మిగిలితేనే. నీ బిడ్డ నోటికాడిది లాక్కొనేంత పాపిష్టివాణ్ణి కాను.

గడువు అడిగినావు. ఎంత గడువమ్మా? నాకు ఎక్కువ గడువు లేదు.

ఈమధ్య అమ్మ ఊరికే గుర్తుకొస్తా ఉంది. షిఫ్టు దిగి పైకి వచ్చి ఇంట్లో కాలు పెట్టగానే ఒక చేతిలో బెల్లం ముక్క, ఒక చేతిలో వెచ్చని గ్లాసు పట్టుకొని నిలబడేది. ‘తాగు నాయనా, రొమ్ములో దుమ్మంతా కిందికి దిగిపోతాది’ అనేది. దిగిపోయేదో లేదో దేవునికి తెలియాల. తాగినాక మాత్రం నేను ఇంకా బతికే ఉండాను అనిపించేది. ఇప్పుడు ఆ అమ్మా లేదు, ఆ గ్లాసూ లేదు. దుమ్ము మాత్రం యాడికీ పోలేదు, నమ్మకంగా నాతోనే ఉంది.

మునేష్ మంగళ, గురు, శనివారాలు వస్తాడని పక్కింటోళ్లు చెప్పినారు. ఆ మూడు రోజులూ నేను గేటు దగ్గర ఉంటాను.

నీ అన్న,
ఆవులప్ప


నల్లగుట్టపల్లి,
26 ఫిబ్రవరి 2025

అన్నకు.

శివరాత్రి ఉపవాసం ఉండి రాస్తున్నాను. కడుపు కాలుతుంది, కోపమూ కాలుతుంది. తప్పుగా వస్తే చిన్నదాన్నని మన్నించు. మన్నించకపోయినా సరే.

‘పావు చాలు’ అని రాసినావే. ఆ మాట ఆయన ముందర చదివినాను, ఆయన తల దించుకున్నాడు. మేము నీ దగ్గర బేరం ఆడినామా? ఈ ఊళ్లో పెయ్యను పాలుకు తోలినోళ్లు ఎవరూ నీలాగ ఊరుకోరు. ఈనినప్పుడల్లా వచ్చి, దూడనో ఆవునో వెల కట్టి, మేపినోళ్లకు సగం, తోలినోళ్లకు సగం అని పాలు తెంపుకొని పోతారు. నువ్వు ఇరవైనాలుగేళ్లు ఆ మాటే ఎత్తలేదు. మా అన్న దేవుడు అని ఊరంతా చెప్పుకున్నాను. నీ సగం నీకు ఉందని మేము మరిచిపోకూడదనే ఈత ఈతకూ మొదటి జున్ను నీకే పంపినాను. బంగారి వాళ్లమ్మ ఈనినప్పుడు ఉమేశ్‌కు టైఫాయిడు, జున్ను కావాలని ఏడ్చినాడు. వానికి పెట్టకుండా నీకు పంపినాను. పరాయి పాలు తిన్నామని రేపు ఎవరూ అనకూడదని.

మీ ఇంటికి ఉంచుకోగా మిగిలితేనే అంటావా? ఏం మిగులుతుందన్నా ఒక ఆవును నరికితే? వెక్కిరింపు కూడా నేర్చుకున్నావు. ఎండలు ముదరక ముందే అని గడువు పెట్టినావు. నాకు ఎక్కువ గడువు లేదు అని రెండో జాబులో బెదిరించినావు. కోడలికి తెలియకూడదంట, ఫోను చేయకూడదంట. ఆ పిల్ల చెమట తింటా, ఆ పిల్లకు తెలియకుండా ఎవరికి ఇచ్చేది నువ్వు?

డైరీ బిల్లు పదిహేను రోజులకు ఒకసారి వస్తుంది. బియ్యం అదే, ఆయన షుగరు మాత్రలు అదే, బంగారి దాణా అదే. ఆ తాడు తెగితే ముగ్గురమూ పడతాము. ఇది నీకు తెలియక కాదు.

నీకు నిజంగా కావాలంటే ఒక్క మాట రాయి. ‘తాయమ్మా, మీరు ఏమైపోయినా సరే, నా పాలు నాకు ఇయ్యి’ అని రాయి. తెంపి పంపిస్తాను. ఆ మాట నీ చేత్తో రాయి.

తాయమ్మ


మారికుప్పం,
3 మార్చి 2025

తాయమ్మకు.

నీ దగ్గరనుంచి జాబు లేదు. ఉత్తరాలు ఆలస్యమవుతాయని తెలుసు గానీ మనసు ఆగదు.

ఇంకా పాలు రాలేదు. మంగళవారం రోజంతా మునేష్ కోసం గేటు దగ్గరే నిలబడినాను. చెవులు లేవు కదా, చేత్తోనే అడిగినాను. ‘యాడప్పా, తాయి ఏమిచ్చినాది?’ అని రెండు చేతులూ చాపినాను. వాడు తన ఒట్టి చేతులు రెండూ తిప్పి చూపించినాడు. గురువారమూ అంతే, శనివారమూ అంతే. శనివారం వెనక్కి నడిచేటప్పుడు చూపు తిరిగి గోడ పట్టుకొని కూర్చున్నాను. ఎవరో తాగినానని అనుకొని దూరంగా నడిచి పోయినారు.

మీరు ఎట్ల ఉన్నా సరే, ఏమనుకున్నా సరే, నాకు పాలు పంపించు తల్లీ. ఇంగ నాకు అడిగే ఓపిక లేదు. ఇవ్వకూడదనుకుంటే అదన్నా రాయి, నేను నిన్ను ఏమీ అనుకోను.

రాత కుదరలేదు. కూడబలుక్కొని చదువుకో.

ఆవులప్ప


నల్లగుట్టపల్లి,
17 మార్చి 2025

ఆవులప్ప అన్నకు తాయమ్మ రాసింది.

‘మీరు ఎట్ల ఉన్నా సరే’ అని రాసినావు. నేను రాయమన్న మాటే రాసినావు. అందింది.

మునేష్ కూడా చెప్పినాడు. ‘మీ అన్న మార్కెట్ గేటు కాడ చేతులు చాపుకోని నిలబడతా ఉండాడక్కా, నాకే సిగ్గయిపోయినాది’ అన్నాడు. ఊరి వాని ముందర చేతులు చాపి నన్ను అడిగినావు. చిక్కిపోయినావని కూడా అన్నాడు. కోపం మనిషిని అట్లనే తింటుంది, నేనూ చిక్కినాను. ఆ తర్వాత మూడు సార్లు వాడు వస్తే నువ్వు గేటు దగ్గరే లేవంట. నా మొహం కూడా నీకు వద్దయిపోయిందని అర్థం చేసుకున్నాను.

శుక్రవారం పొద్దున ముళబాగిలు నుంచి దళారి వచ్చినాడు. ఎండాకాలంలో మేత లేక అందరూ అమ్ముతున్నారు, ‘నువ్వు చెప్పిన రేటు ఉగాది పోయి వానలు పడినాక చెప్పు’ అన్నాడు. వాడు చెప్పిందే రేటు. పాడి ఆవును, మూడు నెలల దూడతో సహా ముప్పై ఎనిమిది వేలకు ఇచ్చినాను. డెబ్బై వేల ఆవు అది. లారీ పలక ఎక్కనని ముందు కాళ్లు తన్నిపెట్టింది. నేను పోయి మెడ నిమిరితే నన్ను నమ్మి ఎక్కింది. అది ఒక్కటి నేను చచ్చేదాకా మరవను.

మునేష్ చేతిలో కవరు ఉంది. అందులో పంతొమ్మిది వేలు. పావు కాదు, సగం. మేము ధర్మం తప్పేవాళ్లము కాదు. ఇదిగో నీ పాలు.

బంగారి లేదు కాబట్టి ఇంగ జున్నూ లేదు. మన ఇద్దరి మధ్య తెగిపోయింది. ఉమేశ్‌ను టమాటా మండీలో మూటలు ఎత్తే పనికి కోలారు పంపించినాను. వాడు ఈరోజు గడ్డం గీసుకోలేదు.

తాయమ్మ


మారికుప్పం,
21 మార్చి 2025

తాయీ, నా తల్లీ.

ఏమి చేసినావే. ఏమి చేసినాము మనిద్దరమూ.

ఈ నెల అయిదో తేదీ వాకిట్లో పడిపోయినాను. పన్నెండు రోజులు ఆసుపత్రి పాలైనాను. మీకు ఫోను చేయొద్దని మాలకు నేనే చెప్పినాను. నువ్వు శివరాత్రినాడు రాసిన జాబు నేను లేనప్పుడు వచ్చింది. మాల దాన్ని దేవుని పటం వెనక పెట్టి, నా అవస్థలో మరిచిపోయింది. ఆ పిల్లను ఏమీ అనొద్దు. పగలంతా పని, రాత్రంతా ఆసుపత్రి నేల మీద పడక, మనిషి సగమైంది. మునేష్ కవరు తెచ్చి మంచం మీద పెట్టినాడు. విప్పితే నోట్లు. ఇదేమి, తాయి నాకు డబ్బెందుకు పంపింది అని నీ జాబు చదివినాను. అర్థం కాలేదు. మాలను అడిగితే అప్పుడు ఆ పాత జాబు తీసి ఇచ్చింది.

నేను నిన్ను అడిగింది పాలు. గ్లాసులో పోసుకొని తాగే పాలు. మీ డైరీ మాటలో చెప్పాలంటే హాలు. హాలమ్మా, హాలు. ఇంగ ఎన్నిసార్లు రాయమంటావు.

గొంతులో గడ్డ ఉందని డాక్టరమ్మ చెప్పింది. సంగటి పోదు, అన్నం పోదు. పలచగా ఉండేదే తాగు, పాలు బాగా తాగు, రోజుకు ఒక లీటరన్నా తాగు, బలం వస్తే ఏదన్నా చేద్దాము అంది. మాల చిన్న ప్యాకెట్టు ఒకటి తెచ్చేది, ఇద్దరి టీకి. డాక్టరమ్మ మాట ఆమెకు తెలిస్తే తన టీ మానేస్తుంది, మధ్యాహ్నం కూడు మానేస్తుంది, నాకు లీటరు కొంటుంది. ఆమె ఎట్లాంటిదో నాకు తెలుసు. ఒట్టి కడుపుతో ఆ పిల్ల ఐదు గంటల బండి ఎక్కితే నేను తాగిన ప్రతి గుక్కా విషమే. అందుకని దాచినాను. నా చెల్లెలి ఇంట్లో ఆవు ఉంది, రెండు పూటలా క్యాను నిండుతుంది, అందులో ఒక పావు లీటరు నా కోసం పక్కన పెట్టదా అనుకున్నాను. ఎండలు ముదిరితే దారిలో విరిగిపోతాయని ముందే పంపమన్నాను. అది నీకు గడువు అయింది. నా జబ్బు ఒక్క మాట రాసినా సరిపోయేది. మగతనం అడ్డం వచ్చింది.

ఇంకొకటి రాయాల. అది రాయడానికే నాకు చెయ్యి రావడం లేదు.

గని మూసిన ఏడు, కంపెనీ చేతిలో పెట్టిన డబ్బు ఇంటికి రాకముందే నేరుగా పోయి ఆ పెయ్యను కొన్నాను. ఎందుకో తెలుసా? ఉమేశ్ రెండు నెలల గుడ్డు. నీకు చన్నుపాలు పడలేదని, బిడ్డకు రాగి అంబలి వడకట్టి పోస్తున్నావని మీ వదిన చెప్పింది. నేను మీ వాకిట్లో గుంజకు కట్టి ‘ఇది పాలుకు’ అన్నాను. బిడ్డ పాలుకు తాయీ! సగం పాలుకు కాదు. ఆ ఆవు మొత్తం నీది. కట్టిన రోజు నుంచీ నీది. ఇరవైనాలుగేళ్లు నువ్వు పరాయి ఆవును మేపుతున్నానని అనుకొని బతికినావా? టైఫాయిడుతో ఏడ్చే బిడ్డ నోటికి పెట్టకుండా నాకు జున్ను పంపినావా? నా చెల్లెలికి నా మీద ఎంత ప్రేమ అని గిన్నె నాకి నాకి తిన్నానే. అది నువ్వు బాకీ తీర్చినావా?

కవరు మునేష్ చేతికే తిప్పి పంపుతున్నాను. ఒక్క నోటు తీయలేదు. మాల కూడా తీయనివ్వలేదు. ‘అది అత్త ఆవు మామా, మనం ముట్టకూడదు’ అంది. వెంటనే పిల్లప్పను ముళబాగిలు పంపించు. దళారి కాళ్లు పట్టుకోనైనా బంగారిని తోలుకొని రా. నా పాలు సంగతి వదిలెయ్. అది నీ వాకిట్లో ఉండాదని తెలిస్తే చాలు, నాకు అదే దిగుతుంది.

అన్న


నల్లగుట్టపల్లి,
27 మార్చి 2025

అన్నా.

నీ జాబు డైరీ అరుగు మీద కూర్చొని చదివినాను. గట్టిగా ఏడ్చినానంట, నాకు తెలియదు. వాళ్లు చెప్పినారు.

నువ్వు ‘వెచ్చని గ్లాసు’ అని రాసినావు. బెల్లం అని రాసినావు. అమ్మ గుర్తుకొచ్చిందని రాసినావు. అన్నీ చదివి దాటిపోయినాను. ముద్ద దిగలేదని మొదటి జాబులోనే రాసినావు. నీ జాబుల్లో నాకు ‘సగం’ ‘పావు’ తప్ప ఏమీ కనపడలేదు. లేనితనం కళ్లలో మట్టి కొడుతుంది. నువ్వు నేర్పిన అక్షరాలతోనే నిన్ను తప్పుగా చదివినాను.

ఒక్కటి నమ్ము. జున్ను బాకీ కాదు. కోపంలో అట్ల రాసినాను. నీకు ఇష్టమని పంపినాను. ఉమేశ్ ఏడ్చిన మాట నిజమే, ‘ఇది మీ మామది’ అని వానికి చెప్పినదీ నిజమే. ఆ మాటలో సగం భయం, సగం ప్రేమ ఉన్నాయేమో. విడదీసి చెప్పేంత తెలివి నాకు లేదు.

ఆయన, ఉమేశ్ ఇద్దరూ ముళబాగిలు పోయినారు. బంగారి ఆ రోజే ఇంకో చేతికి మారి చిత్తూరు దారిలో లారీ ఎక్కి పోయిందంట. అక్కడినుంచి యాడికో దళారికే తెలియదు. ఇంకో ఆవును చూపించినాడు, డెబ్బై అయిదు వేలు. నువ్వు తిప్పి పంపిన సగమూ, బియ్యానికీ మాత్రలకూ పోగా మిగిలిన మా సగమూ మూట కట్టుకొని పోయి నిలబడినారు. రెండు సగాలూ కలిపితే ఒక ఆవు కావాల కదా. సగం ఆవు కూడా కాలేదు.

నీ కవరు ఇంట్లోనే ఉంది. అందులోది నీ ఆసుపత్రికే, మళ్లీ తిప్పి పంపితే నేనే వచ్చి నీ వాకిట్లో కూర్చుంటాను.

నిన్న సాయంత్రం చెంబు తీసుకొని డైరీకి పోయినాను. క్యాను లేకుండా ఆ అరుగు ఎక్కడం ఇదే మొదలు. ‘ఏం కావాలమ్మా?’ అన్నాడు ఆదినారాయణప్ప. నీ జాబు నా రవికెలోనే ఉంది, నోట్లో నీ మాటే ఉంది. ‘పాలు’ అన్నాను. ఆయన పుస్తకం మూసి, ‘ఆవును అమ్మేస్తివి గదమ్మా, ఇంగ నీకు డైరీలో యాడ పాలు? బోనసు ఆవు ఉండేవాళ్లకే’ అన్నాడు. పక్కన క్యాన్లు పట్టుకున్నోళ్లంతా నన్నే చూసినారు, వాటా అడగడానికి వచ్చినానని. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. చెంబు ముందుకు చాపి ‘హాలు’ అన్నాను. అప్పుడు పోసినాడు.

కాచి, చల్లార్చి, చెంబు మూతికి తడిగుడ్డ కట్టి మునేష్ చేతికి ఇస్తున్నాను. పక్కన చిన్న పొట్లంలో బెల్లం ఉంది. ఈసారి వాడు ఒట్టి చేతులు చూపించడు. నువ్వు గేటు దగ్గరికి రావొద్దు, వాడే ఇంటికి వస్తాడు. మాల ముందరే తాగు, ఆ పిల్లకు కూడా ఒక గుక్క పొయ్యి. ఇంగ ఎవరి దగ్గరా ఏదీ దాచొద్దు.

ఒక లీటరు ఉందన్నా. ఇది ఈ రోజుకు. రేపటిది యాడనుంచి అని మాత్రం నన్ను అడగొద్దు.

నీ తాయి